మదామ్ యులాలీ మూడు కొలతలు

మదామ్ యులాలీ దేన్నీ ఒక్కసారి కొలిచి ఊరుకునే మనిషి కాదు. పారిస్‌లో గౌన్లు కుట్టే దుకాణం ఆవిడది. రొట్టె కొన్నా మెడలోని టేపు తీసి మూడుసార్లు కొలిచేది. పెళ్ళినాడు మొగుణ్ణి కూడా కొలిచిందని, భయంతో ఆయన రెండోసారికి ఒక సెంటీమీటరు తగ్గాడని ఆ పేటలోని ఆటల క్లబ్బు అమ్మాయిలు చెప్పుకునేవారు.

అలాంటావిడకు ఆడపిల్లల హైజంప్‌లో కర్ర ఎత్తు కొలిచే పని అప్పజెప్పారు. చెక్క కర్ర కాబట్టి నడుమ కాస్త వంగుతుంది. పైకి జరిపినప్పుడల్లా అక్కడే కొలవాలి. ఆ వంపు ఆవిడకు పండగైపోయింది.

క్లబ్బులో అందరికన్నా ఎత్తు దూకే ఒడిల్‌కు మాత్రం ఒళ్ళు మండేది.

"కాళ్ళు చల్లబడిపోతున్నాయి మదామ్."

"గెంతుతూ ఉండవే. నూట ముప్పై ఎనిమిదా, తొమ్మిదా? నా కళ్ళజోడేదీ?"

కళ్ళజోడు ముక్కుమీదే ఉండేది.

ఆ ఏడు మోంటెకార్లోలో సముద్రం పక్క పచ్చికలో నాలుగైదు దేశాల ఆడపిల్లలకు పోటీలు పెట్టారు. అక్కడా కర్ర కొలిచే పని మదామ్‌కే ఇచ్చారు. "ఆడపిల్లకు గెంతులేమిటి? మొదటి పతకం తెస్తే ఇక నోరెత్తను" అన్నాడు ఒడిల్ తండ్రి, వీధి వీధంతా వినేలా. అందుకే ఒడిల్‌కు ఆ పతకం కావాలి.

చివరికి ఒడిల్, ఇంగ్లండు పిల్ల హిల్డా మిగిలారు. కర్ర నూట నలభై అయిదుకు జరిపారు. ముందు దూకాల్సింది హిల్డా. ఆ పిల్ల అప్పుడే హర్డిల్స్ పరుగు ముగించి వచ్చి, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని రొప్పుతోంది. పిలవగానే దూకాలన్నది నియమం. ఇప్పుడు పిలిస్తే కర్ర పడటం ఖాయం.

మదామ్ కొలిచింది. మళ్ళీ కొలిచింది. టేపు జారవిడిచింది. కళ్ళజోడు వెతికింది.

'మన మనిషై ఉండి ఇదేం పని?' అని ఒడిల్ పళ్ళు నూరింది. అప్పుడు గమనించింది. మదామ్ చూపు టేపు మీద లేదు, ఎగిరెగిరి పడుతున్న హిల్డా గుండెల మీద ఉంది.

మొన్న వసంతంలో తను రిలే పరుగెత్తి ఆయాసంతో వచ్చినప్పుడు, ఈవిడే నాలుగుసార్లు టేపు జారవిడిచింది. ఆ రోజు ఒడిల్ గెలిచి కూడా ఆవిణ్ణి తిట్టిపోసింది. ఇప్పుడు సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"చాలు మదామ్, ఇక పిలుస్తున్నాను" అన్నాడు గడియారం పట్టుకున్న పెద్ద అధికారి గాస్పార్. మదామ్ దగ్గర సాకులు అయిపోయాయి. హిల్డాకు ఊపిరింకా అందలేదు.

"మొస్యూ, కర్ర నడుమ వంగినట్టుంది. మళ్ళీ కొలిపించండి" అంది ఒడిల్.

పోటీదారు అడిగితే కాదనడానికి లేదు. మదామ్ కళ్ళజోడు పైనుంచి ఒడిల్‌ను ఒక్క క్షణం చూసి, మహా నెమ్మదిగా వంగింది.

నూట నలభై అయిదు ఇద్దరూ దాటారు, ఆపైది ఇద్దరూ పడగొట్టారు. మొదటి స్థానం ఇద్దరికీ కలిపి ఇచ్చారు. సగం పతకానికి నాన్న సగం నోరే మూసుకుంటాడేమోనని ఒడిల్‌కు బెంగ పట్టుకుంది.

పుస్తకంలో రాయడానికి గెలిచిన ఎత్తు చివరిసారి కొలవమన్నారు. మదామ్ ఒక్కసారి టేపు పెట్టి, అంకె చెప్పి, చుట్టేసింది.

"ఒక్కసారేనా మదామ్?" అంది ఒడిల్.

"ఇంకెందుకే? ఇప్పుడెవరికీ ఆయాసం లేదుగా."