తెల్లబట్టకు నేను చెప్పిన వైద్యం

తెల్లబట్ట అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట మీద కాదు, దాని చుట్టూ అల్లుకున్న భయం మీద నా కోపం. ములకలపల్లి అవతల అడవి అంచు తండాల్లో ఏఎన్ఎంగా తిరుగుతున్నాను. ఇన్నేళ్ళలో "ఎముకలు కరిగి కారుతున్నయి సిస్టర్" అని గుమ్మంలో నిలబెట్టి చెప్పని ఇల్లు లేదు. వేడి చేసిందని ఒకామె, ఒంట్లో బలమంతా పోతోందని ఇంకొకామె. మొగుడికి చెప్పుకోలేక, అత్తకు చెప్పి తిట్లు తిని, చివరికి నా సంచిలో ఏదో ఒక గోళీ ఉంటుందని వస్తారు. చాలామందికి అసలు రోగమే ఉండదు. ఆడ ఒంట్లో ఊరే మామూలు తడి అది.

ఇంత చిరాకు పడే హక్కు నాకుందా అంటే, లేదు. వాళ్ళ భయానికి నీళ్ళు పోసి పెంచినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది అంగన్‌వాడీ వరండాలో ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి శుభ్రత గురించి ఉపన్యాసం దంచాను. గాయాలు కడిగే మందు సీసా ఎత్తి చూపించి, చెంబెడు నీళ్ళలో ఒక మూత పోసి రోజూ లోపలిదాకా కడుక్కోండి, తెల్లబట్ట దానంతటదే పోతుంది అన్నాను. నాకెవరూ అలా నేర్పలేదు. పుండు కడిగితే మానుతుంది కాబట్టి ఇదీ అంతే అనుకున్నాను. నా తెలివి అక్కడిదాకానే.

విచిత్రమేమిటంటే, నేను చెప్పిన మిగతా ఏ మాటా వాళ్ళ చెవికెక్కేది కాదు. ఐరన్ గోళీలు ఇస్తే కోళ్ళ గంప కింద పారేసేవారు. బాలింతకు గుడ్డు పెట్టండని మొత్తుకుంటే కారం మెతుకులే పెట్టేవారు. ఈ ఒక్క మూత సంగతి మాత్రం తల్లి కూతురికి, కూతురు తోడికోడలికి చెప్పుకుంటూ పోయారు. కిరాణా కొట్టతను ఆ సీసాలు తెప్పించి సబ్బుల పక్కన వరుసగా పేర్చాడు. అప్పట్లో ఆ వరుస చూసి గర్వపడ్డాను కూడా.

నాలుగేళ్ళ తర్వాత కొత్తగూడెంలో ట్రైనింగ్. ఒక లేడీ డాక్టరు బోర్డు మీద గర్భసంచి బొమ్మ వేసి, దాని ముఖద్వారం దగ్గర ఊరే జిగురు గురించి చెప్పింది. అది మురికి కాదు, కాపలా. మిర్చి చేలో పసుపు రంగు జిగురు అట్టలు కడితే పురుగు వచ్చి అంటుకున్నట్టే, బయటి క్రిములు ఆ జిగురులో చిక్కుకుంటాయి. అందులో యాంటీబాడీలుంటాయి. అవి క్రిముల్ని పట్టి, ఒకదానికొకటి అతికించి, లోపలి గోడను అంటుకోకుండా ఆపుతాయి. అండం విడుదలయ్యే రోజుల్లో ఆ జిగురు పలచబడి గుడ్డు తెల్లసొనలా సాగుతుంది, తర్వాత మళ్ళీ చిక్కబడి దారి మూసేస్తుంది. మందునీళ్ళతో లోపల కడిగితే ఈ కాపలాతో పాటు అక్కడుండే మేలుచేసే సూక్ష్మజీవులు కూడా దెబ్బతింటాయి, లేని రోగం వచ్చి కూర్చుంటుంది. దురద, మంట, వాసన ఉంటే పరీక్ష చేయించాలి తప్ప కడగకూడదు. వరండాలో కూర్చున్న ముఖాలన్నీ కళ్ళ ముందు కదిలాయి.

తిరిగొచ్చాక ఏం చేశాను? నేను తప్పు చెప్పానని అనడానికి నోరు రాలేదు. ఇల్లిల్లూ తిరిగి, "ఇంక మందునీళ్ళు ఒద్దు. పైపైన ఉత్త నీళ్ళతోని కడుక్కుంటే చాలు. కొత్త రూలు వచ్చింది" అన్నాను. మా కొలువులో ఏది మారినా అదే మాట అంటాం. పైనుంచి వచ్చిందంటే ఎవరూ ఎదురు అడగరు. నమ్మరు కూడా.

పోయిన ఏడాది మిర్చి ఏరే రోజుల్లో ఒకామె నా దగ్గరికొచ్చింది. ముప్పై నిండలేదు, ఇద్దరు పిల్లలు. చాలా కాలంగా మంట, దురద. ఊరి ఆర్‌ఎంపీ ఆమెను టౌన్‌లో ఏదో ప్రైవేటు దవాఖానాకు తీసుకుపోతే, గర్భసంచి పాడైంది, తీసేయాలి అన్నారట. స్కాన్ కాగితం చూశాను. సంచికి ఏ జబ్బూ ఉన్నట్టు అందులో లేదు.

"మంచిగున్న సంచి ఎందుకు తీపిచ్చుకుంటవ్ బిడ్డా? మంగళవారం రా, భద్రాచలం తోలుకపోయి లేడీ డాక్టరుకు చూపిస్త. గోళీలతోని తగ్గుతది."

"రోజూ కడుగుతనే ఉన్న గద సిస్టర్. ఈ నడుమ రెండు మూతలేస్తున్న. అయినా తగ్గకపాయె."

"ఒద్దని చెప్పిన గదా! కొత్త రూలు వచ్చిందని చెప్పలే?"

"రూలు ఎందుకు మారింది?"

నిజం గొంతు దాకా వచ్చింది. "పైనోళ్ళు మార్చిండ్రు. చెప్పింది ఇను" అని కసిరాను.

మంగళవారం ఆమె కోసం రోడ్డు మీద నిలబడ్డాను. రెండు బస్సులు పోయాయి. ఫోన్ చేస్తే అత్త ఎత్తింది. "నువ్వు ఒకపారి కడుగుమంటవ్, ఒకపారి ఒద్దంటవ్. ఆ డాక్టరు ఒక్కటే మాట చెప్పిండు. ఆపరేషన్‌కు పొద్దుగాలనే పోయిండ్రు" అని పెట్టేసింది. ఆర్‌ఎంపీని తిట్టుకున్నాను, అత్తను తిట్టుకున్నాను, చదువుకోని ఊరిని తిట్టుకున్నాను. తిట్టాల్సిన మనిషిని వదిలేసి అందరినీ తిట్టాను.

రెండు నెలలాగి ఆమె ఇంటికి వెళ్ళాను. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది.

"నెలనెలా బాధ పోయింది సిస్టర్. మంట మాత్రం అట్లనే ఉంది. కుట్లు మానినంక మళ్ళ కడుగుతున్న."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ ఉన్న నాలుకా ఊడింది, కొండ నాలుక జబ్బూ పోలేదు. ఆమె పక్కనే కూలబడ్డాను.

"ఆ నీళ్ళతోనే మంట బిడ్డా. కడుగుమని నేను చెప్పిందే తప్పు. రూలు గీలు ఏం రాలే. నాకు తెల్వక చెప్పిన. తెలిసినంక సిగ్గుపడి దాచిన."

తిడుతుందనుకున్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆ దినమే గిట్ల చెప్తే, నీ ఎంబడి వస్తుంటి గద సిస్టర్" అంది.