డొల్లలు చదివిన మావయ్య

ఫిట్టర్ మావయ్య పోయారని పోయిన మంగళవారం టెలిగ్రాం వచ్చింది. నాలుగే మాటలు. బంటింగ్ దగ్గరి ఎస్టేటు ఆఫీసులో ఆ పూట రాస్తున్న హాజరు పట్టీని సగంలో వదిలేసి క్లాంగ్ బస్సెక్కాను. రెండు బస్సులు మారి, మా పాత తోట ఉన్న సుంగై సుమున్ చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. అప్పటికి దహనం కూడా అయిపోయింది. అంత దూరం వెళ్ళీ ఆఖరి చూపుకి నోచుకోలేదు. ఆ బాధ ఇంకా కుదుటపడలేదు, అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఆయన నాకు రక్త సంబంధం కాదు. తోట కూలీల లైను ఇళ్ళలో పక్కపక్కన కాపురమున్నవాళ్ళు ఏదో ఒక వరస కలిపేసుకుంటారు. మా అమ్మ ఆయన్ని "అన్నా" అనేది కనుక నాకు మావయ్య అయ్యారు. మా కొబ్బరి తోటలో నీటి పంపులు, కొబ్బరి ఎండబెట్టే కొప్రా షెడ్డు ఇంజను, తోట దొరగారి కారు, ఏది మొరాయించినా ఆయనే దిక్కు. బండి ఆగిపోయిందని ఎవరైనా పరిగెత్తుకొస్తే లేచేవారు కాదు. "అరవకు. ముందు అదేటి అన్నదో సెప్పు" అనేవారు. అది అంటే ఇంజను! చప్పుడు ఎలా మారింది, వాసన ఏమైనా వచ్చిందా, చెయ్యి పెడితే ఎంత కాలింది, అన్నీ అడిగాకే స్పానరు పట్టుకునేవారు. ఈలోగా కండెన్స్‌డ్ పాల టీ చల్లారిపోయేది. చల్లారిన టీ తాగడం ఆయనకి అలవాటైపోయింది పాపం.

అవి మలాయాలో ఎమర్జెన్సీ రోజులు, కమ్యూనిస్టులు అడవిలో చేరి తెల్లదొరల మీద పోరాడుతున్న కాలం. అడవిలో ఉన్నవాళ్ళకి చేరుతుందేమోనని బియ్యపు గింజకి కూడా కాపలా. ఇక తూటా మాటంటే చెప్పాలా, అనుమతి లేకుండా ఒక్కటి దగ్గర దొరికినా ఉరికంబమే. తోట వెనక చిత్తడి అడవిలోంచి ఏనుగులు వచ్చి లేత మొక్కలు తొక్కేస్తుంటే, వాటిని కాల్చడానికి దొర దగ్గర ఒక మాగ్నం రైఫిలు ఉండేది. దాని తూటాలు సీమ నుంచి రావడం ఆగిపోయింది. దొర అంతకు ముందు ఆఫ్రికాలో ఉండి వచ్చినవాడు. కాల్చిన తూటా డొల్లలోనే మళ్ళీ నిప్పు రాజేసే కొత్త కేపు, మందు, గుండు పెట్టి చేత్తో నింపుకోవడం అక్కడ నేర్చుకున్నాడు. పోలీసుల దగ్గర అనుమతి తెచ్చి, చెయ్యి వణకదని ఆ పని మావయ్యకి అప్పగించాడు. మందు డబ్బా ఆఫీసు ఇనప బీరువాలో ఉండేది. బీరువా తాళంచెవి కిరాణీ దగ్గర, అంటే ఆఫీసు గుమాస్తా దగ్గర. ఆ కిరాణీని నేనే. లైను ఇళ్ళలో పుట్టి ఆఫీసు కుర్చీ ఎక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ గర్వం మాత్రం తలకెక్కింది.

నింపేటప్పుడు మావయ్య మాట్లాడేవారు కాదు, పక్కవాళ్ళని తుమ్మనిచ్చేవారు కూడా కాదు. నింపడం కంటే ఆయనకి ఇష్టమైన పని, కాల్చాక డొల్లని చదవడం. "దీనికి నోరుంది అల్లుడా" అనేవారు. ముందు రైఫిలులో తూటా వెనక మూసే బోల్టు తేలిగ్గా లేచిందా, బిగిసిందా అని కాల్చినవాణ్ణి అడిగేవారు. తర్వాత డొల్ల అడుగున ఉన్న చిన్న ఇత్తడి కేపు చూసేవారు. దాని అంచు గుండ్రంగా మిగిలితే లోపలి ఒత్తిడి సరిగా ఉందన్నమాట. పల్చగా నలిగి, చుట్టూ ఉండే సన్నని గాడి పూడిపోతే ఎక్కువైందన్నమాట. ఆ గాడి మీద గోరు తిప్పి చూసేవారు. డొల్ల అడుగున కొత్తగా మెరుపు మరక పడిందేమో ఎండకేసి తిప్పేవారు. "ఒక్క గుర్తు సూసి తీర్పు సెప్పకు. కేపు మెత్తదైతే ఊరికే నలుగుతాది. మూడిటిని అడుగు. మూడూ ఒకే మాటంటే అప్పుడు నమ్ము" అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు, "గుర్తు కనబడిందంటే అప్పటికే మించిపోయిందని. ఇంకొకటి పేల్చి సూద్దాం అన్నావా, ముక్కూ మొహం ఎగిరిపోతాది."

ఇప్పుడు నా ఘనకార్యం చెప్తాను. వానాకాలం. ఆఫీసు గోడలకి బూజు, కాగితాలకి చెమ్మ. మందుకి కూడా చెమ్మ పట్టి తూటా పేలకపోతే దొర నన్నే తిడతాడని భయం. మా తోటలో ఏది తడిసినా కొప్రా షెడ్డులో ఆరబెట్టడం అలవాటు. చాపలు, బట్టలు, చివరికి పుస్తకాలు కూడా. నేను మందు డబ్బా పట్టుకెళ్ళి, మూత వదులు చేసి, పొగ గదిలో వెచ్చని గోడ మీద రెండు మధ్యాహ్నాలు పెట్టాను. ఒక్క నిప్పురవ్వ ఎగిరుంటే షెడ్డూ ఉండేది కాదు, నేనూ ఉండేవాణ్ణి కాదు. బుద్ధి ఉన్నవాడు చేసే పనేనా అది! తెచ్చి మళ్ళీ బీరువాలో పెట్టేశాను. ఎవరూ చూడలేదు.

మావయ్య ఎప్పటిలాగే కొలిచి, ఎప్పటి బరువే నింపారు. దొర గురి సరిచూసుకోవడానికి ఒకటి కాల్చాడు. బోల్టు లేవలేదు. అరచేత్తో కొట్టి కొట్టి తెరిస్తే, కేపు రేకులా నలిగిపోయి ఉంది. దొర పోలీసులకి కబురు పెట్టాడు. సాయంత్రానికి ఇన్‌స్పెక్టరు జీపులో దిగాడు. మందు కావాలని ఎక్కువ పోసి దొరని చంపబోయావా, ఎవరు చెప్పారు, అడవిలో నీకెవరున్నారు అంటూ మావయ్యని గంటసేపు నిలబెట్టి అడిగాడు. శనివారంలోగా సంగతి తేలకపోతే పెద్ద ఠాణాకి తీసుకుపోతానన్నాడు. ఆ రోజుల్లో అలా వెళ్ళినవాళ్ళు ఎప్పుడు తిరిగొస్తారో ఎవరికీ తెలిసేది కాదు. అత్త గుమ్మంలో కూలబడి ఏడ్చింది.

మావయ్య ఆఫీసుకొచ్చి డబ్బా మూత తీయమన్నారు. వాసన చూశారు. నావైపు చూశారు.

"ఇది బీరువాలోంచి బయటికి ఎల్లిందేటి అల్లుడా?"

"లేదు మావయ్యా" అన్నాను.

"సరే లే" అని వెళ్ళిపోయారు.

గురువారం దొరని ఒప్పించి, ఒక కానిస్టేబులునీ నన్నూ వెంటబెట్టుకుని కాలవ గట్టుకి వెళ్ళారు. వానలకి ముందు నింపిన తూటా ఒకటి మిగిలి ఉంది. దాన్నీ, కొత్తగా నింపినవాటిలో ఒకదాన్నీ తెచ్చారు. రెండిట్లోనూ ఒకే బరువు మందు. రైఫిలుని పాత టైర్ల మధ్య కట్టి, మమ్మల్ని దూరంగా మట్టిగట్టు వెనక కూర్చోబెట్టి, తాడు లాగి ఒకదాని తర్వాత ఒకటి పేల్చారు. మొదటిదానికి బోల్టు సులువుగా లేచింది. రెండోదానికి సుత్తి కావలసి వచ్చింది. డొల్లలు లెక్కగా కానిస్టేబులుకి అప్పగించాలి. కేపుల్ని ఎవరూ లెక్కపెట్టరు. వర్క్‌షాపులో ఆ రెండు కేపులూ ఊడగొట్టి నా అరచేతిలో పెట్టారు.

"గోరు ఎట్టి సూడు."

ఒకదాని అంచు గుండ్రంగా తగిలింది. రెండోది చదును. "ఎండిపోయిన మందు గబుక్కున మండుతాది. బరువదే, కోపం ఏరు" అన్నారు మావయ్య. అంతే, ఇంకేమీ అడగలేదు. కేపులు తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నారు.

శుక్రవారం నాకు అన్నం దిగలేదు. మా అమ్మ చూసి, "ఏటైనాదిరా నీకు?" అంది. చెప్పేశాను. అమ్మ తిట్టలేదు. "దొర కాడికి ఇప్పుడే ఎల్లరా, నిలబడ్డావేటి?" అంది. వెళ్తూ మావయ్య గుమ్మంలో ఆగి, వస్తారా అన్నాను. చల్లారిన టీ గ్లాసు కింద పెట్టి లేచారు.

దొర ముందు మొత్తం చెప్పాను. ఆయన తాళంచెవి అడిగి తీసుకుని మావయ్య చేతిలో పెట్టాడు. మావయ్య మలాయి భాషలో, "ఇతన్నే ఉంచండి తువాన్. ఒకసారి చూసినవాడు మళ్ళీ చెయ్యడు" అని తాళంచెవి తిరిగి నా చేతిలోనే పెట్టారు. దొర అడ్డు చెప్పలేదు. ఆ సాయంత్రమే ఇన్‌స్పెక్టరుకి కబురు పంపాడు. ఎండిన మందుని ఖాళీ స్థలంలో కాల్చేశారు.

తిరిగి వస్తుంటే కాలవ వంతెన మీద అడిగాను. "నీకు ముందే తెలుసు కదా మావయ్యా. డబ్బాకి కొప్రా పొగ వాసన వచ్చింది. ఠాణాకి పోయేవాడివే, ఎందుకు చెప్పలేదు?"

"డబ్బా సెప్పింది, కేపు సెప్పింది. మూడోది నువ్వు సెప్పాల కదేటి."

అని జేబులోంచి ఏదో తీసి కాలవలోకి విసిరారు. గులకరాయి అనుకున్నాను.

మెర్‌డెకా వచ్చింది, అంటే మలాయాకి స్వాతంత్ర్యం. లైనులో రేడియో చుట్టూ జనం, పిల్లల టపాకాయలు. మావయ్య పేలిన టపాకాయ ఒకటి ఏరి దాని అడుగు చూస్తుంటే అత్త, "పండగ పూట కూడానా!" అని విసుక్కుంది. దొర రైఫిలుతో సహా సీమకి వెళ్ళిపోయాడు. నేను బంటింగ్ వచ్చేశాను. ఎమర్జెన్సీ కూడా ఎత్తేశారు. నా కింద పనిచేసేవాళ్ళు తప్పు చేస్తే నేను ఇప్పటికీ వెంటనే అరవను. ఆ గుణం నాది కాదు, ఆయన పెట్టిన భిక్ష.

అత్త దగ్గర సెలవు తీసుకుంటుంటే ఒక చిన్న విభూతి డబ్బా తెచ్చి ఇచ్చింది. "నీకిమ్మన్నాడు నాయినా" అంది. అందులో ఏముందో నాకు తెలుసు, ఆ రెండు కేపులే. ఇన్నేళ్ళూ ఆ నలిగిన కేపు ఆయన దగ్గర ఉందన్న సిగ్గు నన్ను వదల్లేదు. మూత తీశాను. ఒకటే ఉంది.

"రెండోది ఏది అత్తా?"

"రెండోదేటి? మీ మావ దాసింది ఇదొక్కటే."

గోరు పెట్టి తిప్పాను. అంచు గుండ్రంగా ఉంది. ఆ రోజు వంతెన మీంచి కాలవలో పడిన చిన్న చప్పుడు నాకు ఇప్పుడు వినిపించింది.