విశ్వాసమ్మత్త కుండ

కర్నూలు బాట పక్కన మా పల్లె. చర్చిలో మా స్త్రీల సమాజానికి ఆస్తి అంటూ ఉన్నది ఒక్క కుండ. ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు కొర్రలు తీసి ఉంచి, ఆదివారం అందులో పోయాలి. బాలింతకో, దిక్కులేని ముసలికో అందులోంచే పెట్టేవాళ్ళం. కుండ బాధ్యత విశ్వాసమ్మత్తది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, నోట్లో నాలుక లేని మనిషి. అలాంటివాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

యుద్ధకాలపు కరువులో చేలన్నీ మాడిపోయాయి. ఎసరే లేనప్పుడు పిడికెడు ఎక్కడిది? అప్పుడు విశ్వాసమ్మత్త కుండ చంకనెత్తుకుని ఇల్లిల్లూ తిరిగింది, తీసుకోవడానికి కాదు, ఇవ్వడానికి. పొయ్యిలో బూడిద మీద చెయ్యి పెట్టి చూసేది. చల్లగా ఉంటే మాట్లాడకుండా చాటలో పిడికెడు గింజలు పోసి వెళ్ళేది. అడుక్కునే సిగ్గు మాకు తప్పించింది తల్లి.

వాన పడేదాకా కుండలో గింజలు సరిపోతాయా అన్నదే అందరి భయం. కడుపు కాలితే నోరు ఊరుకోదు. సమాజం కూడిన రోజు నా తోడికోడలు జ్ఞానమణి అననే అన్నది.

"కుండ కాసే చేతికి ఆకలేముంటాదిలే."

"నీ నోట్లో మన్ను బడ," అన్నాను.

విశ్వాసమ్మత్త తల వంచుకుంది. "ఇందులో గింజ నా నోట్లోకి పోదు మే. దేవుని ఎదుట చెప్తాండా."

మాట పడ్డ రోషం, రేపటికి చల్లారుతుందిలే అనుకున్నాం.

ఆమె తిరగడం మానలేదు. పోనుపోను గోడలు పట్టుకుని నడిచేది.

"ఏమత్తా, ఒంట్లో బాగలేదా?" అని అడిగాను.

"ఎండకు కండ్లు తిరుగుతాండాయి, అంతే జీవమ్మా."

నమ్మాను. ఒక పొద్దున ఆమె రాలేదు. నేనూ జ్ఞానమణీ పోయి తలుపు తోశాం. కుండ పక్కనే పడుకుని ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది. కుండ అడుగున గింజలు అలాగే ఉన్నాయి.

జ్ఞానమణి పొయ్యి ముందు కూలబడి చెయ్యి పెట్టింది. బూడిద కూడా లేదు. సాలెపురుగు గూడు కట్టుకుని ఉంది.

"మనలో ఒక్కరమన్నా ఈ పొయ్యి జూసినామా మే?" అని తల బాదుకుంది. నాకు ఏడుపు కంటే కోపమే ముందొచ్చింది. ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా ముసల్దానా!

సమాధి గుంత తవ్వాల్సిన మగవాళ్ళకు పార ఎత్తే సత్తువ లేదు. ఆ మిగిలిన గింజలే గంజి కాచి వాళ్ళకు పోశాం. ఆమె పొయ్యి మీదే కాచాం.