మా ‘ఇంకోసారి’ బావ

మా బావ జయరావు ప్రాక్టీసు లేకుండా తుమ్మను కూడా తుమ్మడు.

గిట్టక చెబుతున్న మాట కాదిది. అక్క మొగుడు కాబట్టి ఆటపట్టించే హక్కు నాకెలాగూ ఉంది, కానీ ఇందులో అబద్ధం మాత్రం లేదు. మా చర్చిలో క్రిస్మస్ నాటకం ఏటా ఆయనే వేయిస్తాడు. నాటకానికి ప్రాక్టీసు ఉండాల్సిందే. ఆ అలవాటు స్టేజీ దిగి ఆయన వెంటే ఇంటికొచ్చి కాపురం పెట్టింది. కూరగాయలకు బయల్దేరే ముందు బేరానికి ప్రాక్టీసు. వంకాయలమ్మే ఆమె వేషం నాది. పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు అద్దం ముందు నిలబడి నోరు తెరవడానికి ప్రాక్టీసు. ప్రతి ప్రాక్టీసు చివరా ఒకటే మాట: "బాగానే వచ్చింది. ఇంకోసారి."

మా అక్క దేవకుమారితో పెళ్ళినాడు కూడా అంతే. పాస్టరు అయ్యగారు ప్రమాణాలు చేయించి, ప్రార్థన ముగించి, "ఆమేన్" అన్నారో లేదో, మా బావ చేతులు దులుపుకుని, "బాగానే వచ్చిందండీ అయ్యగారూ. ఇంకోసారి" అన్నాడు. చర్చి మొత్తం గొల్లుమంది. అయ్యగారు మాత్రం నవ్వలేదు. "దీనికి ఇంకోసారి ఉండదు నాయనా" అన్నారు.

అలాంటి మనిషి ఇంట్లోకి ఇంగ్లండు ప్రయాణం వచ్చి పడింది.

మా అక్క గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ నర్సు. నరం దొరకని ముసలివాళ్ళకు కూడా ఒక్క పోటుతో సెలైన్ ఎక్కించే చెయ్యి ఆమెది. నైట్ డ్యూటీలు చేసీ చేసీ కళ్ళ కింద నల్లచారలు వచ్చాయి. తనతో పనిచేసిన నర్సులు ఒక్కొక్కరే ఇంగ్లండు వెళ్ళి, అక్కణ్ణుంచి నున్నటి మొహాలతో ఫొటోలు పెడుతుంటే, "మనమూ వెళ్దామండీ" అంది బావతో. అయితే అందరూ ఒకేసారి వెళ్ళడం కుదరదు. ముందు అక్క వెళ్ళి, అక్కడి పరీక్ష పాసై, ఇల్లు చూసుకుని, ఆ తర్వాత బావనీ కూతురు జాస్మిన్‌నీ పిలిపించుకోవాలి.

"ఇంకేం, ప్రాక్టీసు మొదలుపెడదాం" అన్నాడు బావ. ఆ గొంతులో సంతోషం చూసి నాకు భయమేసింది.

మొదటి ప్రాక్టీసు చలికి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో బావ స్వెటర్లు కొనడానికి వెళ్ళాడు. కొట్టువాడు బేరం సంగతి పక్కనపెట్టి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడట. మా బావ ఊరి బయట ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. చలి ఎక్కడో ఎందుకు, చేతిలోనే ఉంది గదా అని, ఒక ఆదివారం ఆరాధన అవగానే అక్కకీ జాస్మిన్‌కీ నాకూ స్వెటర్లు, మంకీ క్యాపులు తొడిగి తీసుకెళ్ళి, పైకప్పు దాకా పేర్చిన మిర్చి టిక్కీల, అదే బస్తాల, మధ్య కూర్చోబెట్టి తలుపు వేయించాడు.

చలి సంగతి దేవుడెరుగు. ముందు ముక్కులు మండాయి, తర్వాత కళ్ళు. నలుగురం తుమ్ములు అందుకున్నాం. బావ తుమ్ముల మధ్యనే అడిగాడు.

"ఎట్టా ఉందే జాస్మిన్ ఇంగ్లండు?"

"ఇంగ్లండు చాలా కారంగా ఉంది నాన్నా!"

టిక్కీలు మోసే కూలీలకు మేస్త్రి పేరయ్య. ఆ గోల విని తలుపు తీశాడు. "బయటికి రాండమ్మా! ఈయన మాటిని కూకుంటే ఈడే పచ్చడైపోతారు" అన్నాడు. మా బావ ప్రాక్టీసు లేకుండా తుమ్మింది జీవితంలో ఆ ఒక్కరోజే. అయినా కళ్ళు తుడుచుకుంటూ, "బాగానే వచ్చింది. ఇంకోసా..." అనబోయాడు. అక్క చూసిన చూపుకి మిగతా అక్షరం మింగేశాడు.

రెండోది, వెళ్ళే ముందు ఇక్కడే పాసవ్వాల్సిన ఇంగ్లీషు పరీక్ష. అందులో ఎదుట కూర్చున్నామె పేషెంటులా నటిస్తుంది, మనం నర్సులా మాట్లాడాలి. నిజం పేషెంటు ముందు పులిలా ఉండే అక్క, ఉత్తుత్తి పేషెంటు అనేసరికి బిగుసుకుపోయేది. "ఒంట్లో బాగానే ఉన్న మనిషిని ఎలా ఉందని ఎట్టా అడగనురా?" అనేది నాతో. అంతే, బావ రోజుకో జబ్బుతో వరండాలో పడక మొదలుపెట్టాడు.

"వేర్ ఈజ్ ద పెయిన్, సర్?" అనేది అక్క.

"అబ్బా! అమ్మా! చచ్చాన్రోయ్!"

"ఇంగ్లీషులో చావండి."

"ఐ యామ్ డయింగ్, సిస్టర్! ఎవ్రీవేర్ పెయిన్! మై వైఫ్ ఈజ్ నాట్ లిజనింగ్!"

గుండెనొప్పి వేషం వేసిన రోజున ఆ అరుపులకి పక్కింటి జోహరాబీ కంగారుపడి అంబులెన్సుకి ఫోన్ చేసింది. వాళ్ళు స్ట్రెచర్‌తో పరిగెత్తుకొచ్చి ఆయన్ని ఎత్తి పడుకోబెట్టారు. మా బావ కళ్ళు తెరిచి, మెచ్చుకోలుగా చూసి, "బాగా వచ్చారయ్యా! మళ్ళీ గేటు దగ్గర్నుంచి రండి, ఇంకోసారి చేద్దాం" అన్నాడు. ఆ తర్వాత వాళ్ళు పెట్టిన చివాట్లు మాత్రం తెలుగులోనే ఉన్నాయి. అయితేనేం, మా బావని భరించిన మనిషికి పరీక్షలో పేషెంటు ఒక లెక్కా? అక్క ఒక్క దెబ్బకి పాసైంది. ఇంటర్వ్యూ అయింది, వీసా వచ్చింది, టిక్కెట్టు కూడా వచ్చింది.

టిక్కెట్టు వచ్చిన రోజు నుంచే అక్క మొహంలో నవ్వు మాయమైంది. జాస్మిన్‌ది నడుం దాకా జుట్టు. పొద్దున్నే ముందు కూర్చోబెట్టుకుని, చిక్కు తీసి, రెండు జడలు వేసి, ఎర్ర రిబ్బన్లు కట్టి స్కూలుకి పంపడం అక్క పని. నైట్ డ్యూటీ నుంచి తూలుతూ వచ్చినా ఆ పని ఇంకొకరికి ఇచ్చేది కాదు.

"నేను వెళ్తే దీనికి జడలు ఎవరేస్తార్రా ప్రభూ?" అంది ఒకరోజు నాతో. అడిగింది జడల గురించే గానీ, ఆ ప్రశ్నలో పిల్ల అన్నం, జ్వరం, నిద్ర అన్నీ ఉన్నాయని నాకు తెలుసు. "మీ బావకి బూటు లేసు కూడా తిన్నగా ముడెయ్యడం రాదు. వెళ్ళేలోపు దీనికి క్రాఫ్ కొట్టించేస్తాను."

జాస్మిన్ రెండు జడలూ పట్టుకుని శోకాలు తీసింది. "నువ్వు చెప్పు నాన్నా!"

"చూద్దాంలే" అన్నాడు బావ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

నాకు ఒళ్ళు మండింది. వంకాయల బేరానికి ప్రాక్టీసు చేసిన మనిషి, పెళ్ళాం గుండెల మీద కూర్చున్న ఈ ఒక్క సంగతికి 'చూద్దాంలే' అంటాడా? అదే మాట కోల్డ్ స్టోరేజీ దగ్గర పేరయ్యతో అంటే, ఆయన వేరే గోల ఎత్తుకున్నాడు. "మీ బావగారి సంగతి నన్నడక్కండి. గోతాలు కుట్టే పురికొస ఉండలకుండలు మాయమైపోతంది. అడిగితే 'నీకెందుకయ్యా' అంటాడు."

అక్కడ మిర్చి తూచే కాటా మీదే ఆ రోజు అక్క సూట్‌కేసు తూచాం. విమానంలో ముప్పై కిలోలకు మించకూడదు. పేరయ్య సూట్‌కేసుని టిక్కీలా భుజాన వేసుకొచ్చి కాటా మీద పడేశాడు. వంగి చూసి, పెదాలు కదిపి లెక్కేసి, "ఇరవై తొమ్మిదిన్నర!" అని కేకేశాడు. బావ పక్కనే నిలబడి, "సరిపోయింది" అని తలూపాడు.

ఇక మిగిలింది వీడ్కోలు ప్రాక్టీసు. హాల్లో ఫ్రిజ్ ఎయిర్‌పోర్టు గేటు, నేను గరిటెను తుపాకీలా పట్టుకున్న సెక్యూరిటీ. అక్క సూట్‌కేసు లాక్కుంటూ ఫ్రిజ్ దాకా వెళ్ళాలి, వెనక్కి తిరగాలి, నవ్వుతూ చెయ్యి ఊపాలి. "నవ్వుతూనే లోపలికెళ్ళాలి దేవా! ఏడుస్తూ వెళ్ళావంటే లండన్ దాకా ఏడుస్తూనే ఉంటావు, నీ సంగతి నాకు తెలుసు" అనేవాడు బావ. అక్క ఫ్రిజ్ దాకా బాగానే నడిచేది. వెనక్కి తిరిగి జాస్మిన్ జడలు చూడగానే బావురుమనేది. "ఇంకోసారి" అనేవాడు బావ. మళ్ళీ బావురు. చివరికి అక్క నా చేతిలో గరిటె లాక్కుని విసిరేసింది. "పెళ్ళాన్ని పంపించడానికి ఇన్నిసార్లు ప్రాక్టీసు చేసే మొగుణ్ణి ఎక్కడా చూళ్ళేదు!"

ప్రయాణం రోజు వచ్చింది. అక్కకి క్రాఫ్ కొట్టించడానికి మనసొప్పలేదు. తెల్లవారుజామునే జాస్మిన్‌ని లేపి తనే జడలు వేసింది. హైదరాబాదు ఎయిర్‌పోర్టుకి బావ మమ్మల్ని ఎంత ముందు తీసుకెళ్ళాడంటే, మేం చేరేసరికి అక్క విమానం ఇంకా ఇండియాకి వచ్చి ఉండదు. "ఇంత తొందరేంటి బావా?" అని దారి పొడవునా సణుగుతూనే ఉన్నాను.

గేటు దగ్గర ప్రాక్టీసంతా గంగలో కలిసింది. అక్క జాస్మిన్ జడలు రెండూ గుప్పిట్లో పట్టుకుని ఏడ్చింది. జాస్మిన్ ఏడ్చింది. సెక్యూరిటీ వేషం నాది కాదు కాబట్టి నేనూ ఏడ్చాను. అక్క వెనక్కి తిరగకుండా, చెయ్యి ఊపకుండా, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బావ మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు. వేరుశెనక్కాయలు కొనుక్కుని తింటూ నిలబడ్డాడు. మనిషా మానా అనుకున్నాను.

కాసేపటికి అదే గేటులోంచి, సెక్యూరిటీ అతన్ని బతిమాలుకుంటూ, సూట్‌కేసు తోసుకుంటూ అక్క బయటికి వచ్చింది. "బరువు ఎక్కువుందంట! మూడు కిలోలు తియ్యాలంట!"

నేను కోపం పట్టలేక పేరయ్యకి ఫోన్ చేశాను. "ఏమయ్యా, కాటా ఎంత చూపించింది ఆ రోజు?"

"ముప్పై మూడు చూపించిందండీ. సంచి తరుగు, తేమ తరుగు తీసేసి చెప్పా. మిర్చికైనా దేనికైనా మన కాడ అంతే గదండీ!"

"సూట్‌కేసుకి తేమ తరుగేందయ్యా?"

"పచ్చళ్ళు పెట్టలేదాండీ?"

పేవ్‌మెంటు మీదే సూట్‌కేసు తెరిచాం. గోంగూర పచ్చడి తీశాం, కారం పొట్లాలు తీశాం. వాటి అడుగు నుంచి పాములాంటిదేదో జారి కింద పడింది. అక్క కెవ్వుమంది. చూస్తే, పురికొసతో అల్లిన బారెడు జడ! చివర ఎర్ర రిబ్బను.

"అది నాన్న ప్రాక్టీసు జడ" అంది జాస్మిన్ గర్వంగా. "గోడౌన్లో మేకుకి కట్టి అల్లుతాడు. నీకు చెప్పొద్దన్నాడు. నువ్వక్కడ దిగులు పడకుండా నేనే పెట్టా."

అక్క ఆ జడ వంకా మొగుడి వంకా మార్చి మార్చి చూసింది. "ఏదీ, వెయ్యండి చూస్తాను" అంది.

మా బావ చొక్కా జేబులోంచి దువ్వెన తీశాడు. జాస్మిన్‌ని ట్రాలీ మీద కూర్చోబెట్టి ఒక జడ విప్పి, చిక్కు తీసి, మూడు పాయలు చేసి, నాలిక కొంచెం బయటపెట్టి అల్లడం మొదలుపెట్టాడు. "మేడమ్, జల్దీ!" అని సెక్యూరిటీ అరుస్తున్నాడు. జనం ఆగి చూస్తున్నారు. బావ రిబ్బను పువ్వులా ముడేసి పక్కకి జరిగాడు.

"కొంచెం వంకరగా ఉంది" అంది అక్క.

"ఇంకోసారి వెయ్యనా?"

అక్క నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగేంత నవ్వింది. కారం పొట్లాలు నా చేతిలో పెట్టి, పురికొస జడ మాత్రం తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. గేటు దాకా నడిచి, వెనక్కి తిరిగి, నవ్వుతూ, చెయ్యి ఊపి లోపలికి వెళ్ళింది. ఫ్రిజ్ దగ్గర ఒక్కసారి కూడా రానిది అక్కడ వచ్చింది.

తిరుగు ప్రయాణంలో టీ తాగడానికి ఆగినప్పుడు నాకు వెలిగింది.

"బావా, నువ్వా కాటా పక్కనే ఇన్నేళ్ళ నుంచి నిలబడుతున్నావు. పేరయ్య తరుగు తీసి చెబుతాడని నీకు తెలీదా?"

బావ టీ ఊదుకుంటూ నవ్వాడు. "తెలీకేంరా? మీ అక్క మొదటిసారి ఎట్టాగూ ఏడుస్తుంది. అందుకని మొదటిది ప్రాక్టీసు కింద కొట్టేద్దామనుకున్నా."

మనిషా మానా అనుకున్నందుకు మనసులోనే లెంపలేసుకున్నాను. ఇలాంటి బావ ఊరికొకడుంటే చాలు. ఇంటికొకడుంటే మాత్రం తట్టుకోలేం.

కారు బయల్దేరింది. కొంత దూరం వెళ్ళాక వెనక సీట్లోంచి జాస్మిన్ తల ముందుకు పెట్టింది.

"నాన్నా, నువ్వేసిన జడ ఊడిపోయింది."

బావ జేబులోంచి దువ్వెన తీశాడు. "కారు పక్కకి ఆపరా ప్రభూ. దా అమ్మా, ఇంకోసారి."