స్తంభం చాటు వాది

బొత్తాలక్క మొహం చూస్తే బేరం కాళ్ళకు బుద్ధి చెబుతుందని మొదట అన్నది పరాయివాళ్ళు కాదు, కన్నతండ్రే. ఆయన బొత్తాల కొట్టులో ఊహ తెలిసినప్పటి నుంచీ నడుం విరిగేలా కూర్చున్నది మాత్రం ఆమే. బొత్తాలను రంగుల వారీగా గాజు సీసాల్లో సర్దింది ఆమె, జిప్పులు కొలిచింది ఆమె, అరువడిగిన దర్జీలతో గొంతు చించుకున్నది ఆమె. చెల్లెలు సాయంత్రాలు వచ్చి గల్లాపెట్టె పక్కన కూర్చుని నవ్వేది. మంచం పట్టాక తండ్రి కొట్టును చెల్లెలి పేర రాసేసి, పెద్దదాన్ని పిలిచాడు.

"నీకు పనొచ్చమ్మా, ఎక్కడైనా బతుకుతావు. దానికి నవ్వడం తప్ప ఏమొచ్చు?"

పని రావడం నేరమైపోయింది. తండ్రి పోయాక ఆమె అద్దెగదిలో కూర్చుని దర్జీలకు కాజాలు కుట్టి బతికింది. దారం కావాలంటే చెల్లెలి కొట్టు దాటుకుని మరో వీధికి వెళ్ళేది. దాటేటప్పుడు మాత్రం, లోపల జనం ఎంతమంది ఉన్నారో చూడనిదే అడుగు ముందుకు పడేది కాదు. కొట్టు కిటకిటలాడితే ఆ రోజు ఆమెకు అన్నం సయించేది కాదు. చివరికి, తన కష్టంతో నిలబడ్డ కొట్టులో సగం తనదేనని దావా వేసింది.

ఆ దావా వాదన దాకా కూడా వెళ్ళకుండానే పోయింది.

వాయిదా రోజు ఇద్దరు లాయర్లూ పై అంతస్తులో ఇంకో కేసులో తలమునకలుగా ఉన్నారు. బొత్తాలక్క కోర్టు హాలు గుమ్మం దగ్గరే ఉండాల్సింది. కానీ క్యాంటీను వైపు నుంచి చెల్లెలి నవ్వు వినిపించింది. వెళ్ళి స్తంభం చాటున నిలబడింది. చెల్లెలికి క్యాంటీనువాడు కుర్చీ తుడిచి వేశాడు. ఎవరో ముసలాయన తన మనవరాలి గొడవంతా ఆమెకు చెప్పుకుంటున్నాడు. అన్నిటికీ మించి, బొత్తాలక్క సొంత లాయరు గుమస్తా, ఆమె డబ్బులతో టీ తాగే మనిషి, చెల్లెలి గొడుగు పట్టుకుని నిలబడి ఇకిలిస్తున్నాడు! నవ్వే మొహాలకు లోకం ముందే సగం డిక్రీ రాసి ఇచ్చేస్తుంది. ఆమె పళ్ళు బిగించి చూస్తూ ఉండిపోయింది. అవతల బంట్రోతు మూడుసార్లు పిలిచాడు. వాదీ లేదు, ప్రతివాదీ లేదు. జడ్జి దావా కొట్టేశాడు.

"కంగారు పడకండి. మళ్ళీ తెరిపించమని పిటిషన్ వేద్దాం. రాకపోవడానికి గట్టి కారణం కావాలి," అన్నాడు లాయరు. "జ్వరమని ప్రమాణపత్రం రాస్తాను."

"నాకు జ్వరం రాలేదుగా."

"కోర్టులో అందరికీ జ్వరమే వస్తుందమ్మా. సంతకం పెట్టండి."

పెట్టింది.

పిటిషన్ విచారణకొచ్చిన రోజు చెల్లెలి లాయరు లేచి, అభ్యంతరం లేదన్నాడు. జడ్జి చెల్లెలి వైపు చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు.

"చూశారా అమ్మా, మీ చెల్లెలు ఎంత మర్యాదస్తురాలో! జ్వరమంటే ఎదురు ఒక్క మాట అనలేదు."

ఇక్కడ కూడానా! బొత్తాలక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. కొట్టులో సగం చేతికి అందే దారి తెరుచుకుంటున్న క్షణమది. నోరు మూసుకుంటే చాలు.

"నాకు జ్వరం లేదు సార్," అంది.

లాయరు కోటు సర్దుకుంటున్నట్టు నటిస్తూ ఆమె మోచేతిని పొడిచాడు. ఆమె ఆగలేదు.

"వచ్చాను. క్యాంటీను స్తంభం వెనక ఉన్నాను. దీని వైభోగం చూస్తూ పిలుపు వినలేదు. ఇది నామీద దయ తలిస్తే బతికే ఖర్మ నాకు వద్దు సార్."

హాలంతా గొల్లున నవ్వింది. జడ్జి కళ్ళజోడు తీసి చెల్లెల్ని అడిగాడు, "మీరెందుకు లోపలికి రాలేదు?"

"అక్క అక్కడుందని తెలుసండీ," అంది చెల్లెలు. "నాకేసి అంతసేపు చూసి ఎన్నాళ్ళయిందో. లేవబుద్ధి కాలేదు."

వెనక బెంచీలో ఎవరో "అయ్యో పాపం" అన్నారు. ఆ పాపం కూడా చెల్లెలికే పోయింది.

అబద్ధపు ప్రమాణానికి జడ్జి అక్కనూ లాయరునూ కలిపి చీవాట్లు పెట్టి, నిజం రాసి తెమ్మన్నాడు. లాయరు తల పట్టుకున్నాడు. కడుపుమంటను చట్టం భాషలోకి దించడం అతనికి చేతకాలేదు. 'కోర్టు ఆవరణలోనే ఉండి, ప్రతివాదిని గమనిస్తూ, పిలుపు వినలేకపోయాను' అని రాశాడు. మరుసటి వాయిదాకు, ఖర్చులు కట్టాలన్న షరతు మీద దావా మళ్ళీ ఫైలు మీదకెక్కింది.

ఆ రోజు మెట్ల దగ్గర చెల్లెలు దారికడ్డంగా నిలబడింది. ఈసారి మొహంలో నవ్వు లేదు.

"అక్కా, ఇంకా ఎన్నేళ్ళు తిరుగుతాం ఇలా? సగం రాసిచ్చేస్తాను. రేపే రా."

బొత్తాలక్క ఆమెను ఎగాదిగా చూసింది. ఒక్క మాటంటే ఒక్క మాటతో అంతా అయిపోతుంది. గుమస్తా అప్పటికే పెన్ను తీశాడు.

"నువ్విచ్చావని ఊరంతా నిన్ను మెచ్చుకోవాలేం? నాకు నువ్వివ్వక్కర్లేదే. కోర్టు ఇప్పించనీ, తీసుకుంటాను. అడ్డు లే."