డెమో క్లాసులో సిరంజి

ఈ రోజు యానాంలో ఒక తెలుగు మీడియం బడిలో డెమో క్లాసు చెప్పాను. సైన్సు టీచరు ఉద్యోగం వస్తుందో రాదో ఆ ఒక్క క్లాసును బట్టే. పాఠం బాయిల్ నియమం. నేను చదివింది కాన్వెంటులో కావడంతో భయానికి నోట్లోంచి ఇంగ్లీషే వచ్చింది. ప్రెషర్, వాల్యూమ్ అంటూ కంఠస్థం చేసినదంతా అప్పజెప్పాను. పిల్లలు బిక్కమొహాలు వేశారు. వెనక బెంచీలో హెడ్మాస్టరుగారు గడియారం చూసుకున్నారు.

సూది లేని సిరంజి తీసి మొదటి బెంచీ అమ్మాయికిచ్చాను. మూతిని వేలితో గట్టిగా మూసి నొక్కమన్నాను.

"సగం దాకా వెళ్లిందండీ. ఇంక నొక్కుతుంటే గాలి తిరగబడుద్దండీ! చోటు తగ్గేకొద్దీ దానికి కోపం ఎక్కువైపోతందండీ!" అంది. క్లాసంతా నవ్వింది.

"అదే. ఉష్ణోగ్రత మారకుండా చోటు సగమైతే, పీడనం రెట్టింపవుతుంది," అన్నాను, చివరికి తెలుగులో.

"పాఠం ఆ పిల్ల చెప్పేసింది. మరి మీరేం చెప్పారమ్మా?" అన్నారు హెడ్మాస్టరుగారు. ఆయన నవ్వుతూ అన్నారో లేదో తలెత్తి చూడలేకపోయాను.

సోమవారం ఫోన్ చేస్తారట. ఇంట్లో ఫోన్ మోగితే ఇప్పటినుంచే ఉలిక్కిపడుతున్నాను. మీరైతే ఆ ఉద్యోగం నాకిస్తారా, ఆ అమ్మాయికా?