మామ నేర్పిన సావధాన్

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టాలంటే మధ్యలో పాతికేళ్లయినా గడిచి ఉండాలేమో. నాకు గడిచినవి తొమ్మిదేళ్లే. అప్పటికే నాంపల్లిలో మెట్రో స్తంభాలు లేస్తున్నాయి, అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, ఇప్పటికీ అప్పటికీ పెద్ద తేడా ఏమీ లేదు. కానీ మామ పోయి నాలుగు నెలలైంది. ఆయన ఉన్న కాలమంతా ఒక్కసారిగా 'ఆ రోజులు' అయిపోయింది. ఆయన మీద నాకొక కోపం ఇంకా మిగిలే ఉంది. మనిషి పోయాడని దాన్ని వదులుకోవడం నాకిష్టం లేదు. అందుకే రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఏడు. నాంపల్లిలో ఒక ఆఫీసులో గుమాస్తాని. అబిడ్స్‌లో ఒక సందులో మా మేనమామ ఇంటి పైగదిలో ఉండేవాణ్ణి. ఆదివారం చర్చి అవగానే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల ముందు కూర్చుంటే మళ్లీ అత్తమ్మ ఫోన్ చేసినప్పుడే లేచేది. నాలుగు మాటలు వరసగా మాట్లాడాల్సి వస్తే చెమటలు పట్టేవి. అలాంటి నేను రిజర్వు సైన్యంలో ఆఫీసరు పదవికి దరఖాస్తు పెట్టాను. ఉద్యోగం మానక్కర్లేదు, ఏడాదిలో కొన్ని వారాలు యూనిఫాం వేసుకుంటే చాలు. అయితే నేను పెట్టింది యూనిఫాం కోసం కాదు. మామ ఫౌజులో ఇరవై నాలుగేళ్లు చేసి హవల్దారుగా రిటైరయ్యాడు. ఒకరోజు అన్నం తింటూ, "ఎందర్కో సెల్యూట్ కొట్టిన అల్లుడూ. మనింటి మనిషికి ఒక్కసారన్న కొట్టాలె, గంతే" అన్నాడు. "నాకు కొట్టు. ముప్పై ఏండ్ల సంది నేనే గదా నీ ఆఫీసర్ని" అంది అత్తమ్మ. అందరం నవ్వాం. నేను మాత్రం మర్నాడు ఆఫీసులో ఎవరూ చూడకుండా దరఖాస్తు నింపాను.

రాతపరీక్ష పాసయ్యాను (చదువుకునేవాడికి అదొక లెక్క కాదు). ఇంటర్వ్యూకి నెల టైముంది. మామకి చెప్పి, ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. "నేనెందుకు చెప్తరా" అన్నాడు. ఆ ఆదివారమే చర్చిలో, ప్రార్థన అంశాలు ఉన్నవాళ్లు చెప్పండని పాస్టరయ్యగారు అడగ్గానే, మామ లేచి మైకు అందుకున్నాడు. "మా అల్లుడు ఆఫీసరైతుండు. ఇంటర్వ్యూ కోసం సంఘమంతా ప్రార్థించాలె." ఒకరి మోకాళ్ల నొప్పికీ ఇంకొకరి షుగరుకీ మధ్యన నా ఇంటర్వ్యూ దేవుడి సన్నిధికి వెళ్లింది. బయటికొచ్చాక చిన్నా పెద్దా వరసకట్టి, "వందనాలు ఆఫీసర్ సాబ్" అంటూ చేతులు కలిపారు. ఒళ్లు మండిపోయింది.

"దేవునికి చెప్పాలంటే మైకెందుకు మామా?"

"దేవునికి నేను పొద్దుగాల్నే చెప్పిన. మైకు మనుషుల కోసం. ఎంతమంది అడిగితే గంత జల్ది అయితది."

మర్నాటి నుంచి డాబా మీద నా శిక్షణ మొదలైంది. మామ "సావధాన్!" అని అరిస్తే పక్కింటి పావురాలన్నీ లేచిపోయేవి. మడమలు కలపాలి, ఛాతీ ఎత్తాలి, బొటనవేలు ప్యాంటు కుట్టు మీద ఉండాలి. అది వెంట్రుకవాసి జరిగినా మామ కంటికి దొరికిపోయేది. "ఆఫీసర్ మొఖం చూడొద్దు. తలకాయ మీదికెల్లి ఎనక గోడను చూడాలె. కూసోమంటే కూసోవద్దు. మూడోసారి చెప్పినంక కూసోవాలె. అడిగిందానికి ఒక్క ముక్కల జవాబియ్యాలె. సొంత కథలు చెప్పొద్దు." నెమ్మదిగా, ధీమాగా మాట్లాడాలని ఫోన్లో చూశానని చెప్పాను. "ఫోన్ పోయిందా ఫౌజుకు, నేను పోయిన్నా?" అన్నాడు. ఫోను జేబులో పెట్టి మళ్లీ మడమలు కలిపాను.

సాయంత్రం ఆఫీసు వదిలేసరికి మామ గేటు దగ్గర ఉండేవాడు. నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ దాకా నేను ముందు, వెనక ఆయన అడుగులు లెక్కపెడుతూ. "చేతులూపు! పెండ్లికి పోతున్నవా?" అరటిపళ్ల బండివాళ్లు బేరాలాపి చూసేవారు. ఇది చాలదని ఒకరోజు మంగలి షాపులో కూర్చోబెట్టి ఫౌజీ కటింగ్ చేయించాడు. మర్నాడు మా సూపరింటెండెంట్ నన్ను చూసి గొంతు తగ్గించి, "ఎవరు పోయారు బాబూ?" అని అడిగాడు. మాలో గుండు ఆనవాయితీ లేదని, ఇది అసలు గుండే కాదని చెప్పే ఓపిక లేక, "దూరపు బంధువు" అన్నాను. ఆయన ఆ పూట సెలవిచ్చాడు. ఆ నెలలో నాకు కలిగిన లాభం అదొక్కటే.

"పిలగాని మెడ పట్టేసింది చూడు. ఆఫీసరైతడో ఏమోగని దవాఖానకైతే పోతడు" అని అత్తమ్మ రోజూ తిట్టేది. మామ వినేవాడు కాదు.

ఇంటర్వ్యూ గదిలో బల్ల అవతల ముగ్గురున్నారు. మధ్యలో ఉన్న పెద్దాఫీసరు కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. మళ్లీ చెప్పాడు. గోడ మీద గడియారం ఉంది, దాని పక్కన ఒక బల్లి. నేను బల్లిని చూస్తూ నిలబడ్డాను. కుర్చీకేమైనా అయిందేమోనని ఆయన ముందుకు వంగి చూసి మూడోసారి చెప్పాడు. అప్పుడు కూర్చున్నాను. సైన్యంలోకి ఎందుకు రావాలనుకుంటున్నారని అడిగాడు. "సేవ చేయడానికి సర్!" అని డాబా మీది గొంతుతో అరిచాను. టీ తెస్తున్న మనిషి గుమ్మంలోనే ఆగిపోయాడు. తర్వాత ఆయన నా కాగితాలు తిరగేసి, మీకు చదివే అలవాటుందట, ఏం చదువుతారని అడిగాడు. లోకంలో నేను రెండు గంటలు ఆపకుండా చెప్పగల సంగతి అదొక్కటే. గొంతు దాకా వచ్చింది. సొంత కథలు చెప్పొద్దన్న మామ మాట అడ్డం వచ్చింది.

"పుస్తకాలు సర్!"

ఆయన కాగితాలు మూసి, ఎవరు తయారు చేశారని నెమ్మదిగా అడిగాడు. మా మేనమామ, హవల్దారు అని బల్లికి చెప్పాను. "ఆయన మంచి సిపాయిని తయారు చేశారు. మాకు కావలసింది సిపాయిని నడిపించేవాడు" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే బాగుండేది, కోపం ఆయన మీద పెట్టుకునేవాణ్ణి.

ఇంటికొచ్చేసరికి మామ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎందుకో నాకు తెలుసు. దాంతో కోపం ఇంకా పెరిగింది. జీవితంలో మొదటిసారి ఆయన మీద అరిచాను.

"ఆఫీసర్ ముందట ఎట్ల నిలవడాల్నో నెల రోజులు నేర్పినవ్. ఆఫీసర్ ఎట్లుంటడో ఒక్క ముక్కన్న చెప్పినవా మామా?"

మామ చొక్కా పైగుండీ విప్పాడు. తర్వాత అన్నాడు: "ఆఫీసర్ ఎట్లుంటడో నేనెన్నడు చూసిన అల్లుడూ? గోడనే చూసిన గదా."

అత్తమ్మ టీ తెచ్చింది. ముగ్గురం తాగాం. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఎత్తలేదనుకున్నాను. ఆదివారం చర్చిలో మామ మళ్లీ మైకు అందుకున్నాడు. "మావోడు ఫెయిల్ కాలె. ఇంటర్వ్యూ చేసినోళ్లు ఫెయిలైన్రు. వాళ్ల కోసం ప్రార్థించాలె." సంఘమంతా ఆమెన్ అంది. నేను తల వంచుకుని, పక్కవాళ్ల పాటల పుస్తకంలో దాక్కున్నాను.

నేను మళ్లీ దరఖాస్తు పెట్టలేదు. ఆయన సెల్యూట్ ఆయన దగ్గరే ఉండిపోయింది.

నాలుగు నెలల కిందట, పెట్టె మూసేముందు కడసారి చూపు కోసం అందరినీ వరసగా రమ్మన్నారు. నా వంతు వచ్చింది. వెళ్లి నిలబడ్డాను. మడమలు ఎప్పుడు కలిశాయో, బొటనవేళ్లు కుట్టు మీదికి ఎప్పుడొచ్చాయో తెలియదు. కళ్లు మామ తల మీదుగా వెనకనున్న గోడను చూస్తున్నాయి. అది తెలిసొచ్చేసరికి నా వెనకున్నవాళ్లు ముందుకు జరిపేశారు. ఆయన ముఖం నేను సరిగ్గా చూడలేదు. ఇంకా మిగిలి ఉందన్న కోపం ఇదే. ఇంత గట్టిగా నేర్పాలా మనిషి?

సమాధి దగ్గర కూడా నేను అట్లాగే ఉన్నానట. అత్తమ్మ కుర్చీ జరిపి, "కూసో బిడ్డా" అంది. ఇంకోసారి అంది. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని, ఏడుపు మధ్యలోనే కొంచెం నవ్వి, "మూడోసారి చెప్తున్న" అంది.

కూర్చున్నాను.